సరాసరి వడి: లెక్క ఎలా కట్టాలి, ఎక్కడ తప్పుతుంది

పట్నానికి వెళ్లేటప్పుడు స్కూటర్ గంటకు 40 కి.మీ. వడితో పోయింది, అదే దారిలో తిరిగి వచ్చేటప్పుడు 60 కి.మీ. వడితో వచ్చింది. మొత్తం ప్రయాణంలో సరాసరి వడి ఎంత? ఈ ప్రశ్న అడిగితే తొమ్మిదో తరగతి పిల్లలే కాదు, పోటీ పరీక్షలకు కూర్చునే పెద్దవాళ్లు కూడా ఠక్కున 50 అనేస్తారు. జవాబు 48. ఆ రెండు కిలోమీటర్లు ఎక్కడ పోయాయో తెలిస్తే ఈ పాఠంలో సగం తెలిసినట్టే. మిగతా సగం యూనిట్లు, గ్రాఫులు, కొలతలు.

మాటల సంగతి ముందే తేల్చుకుందాం. మామూలుగా మాట్లాడుకునేటప్పుడు స్పీడు, వేగం, వడి అన్నీ ఒకటే. తెలుగు మాధ్యమం ఫిజిక్స్ పుస్తకాల్లో మాత్రం వడికి దిశతో పని లేదు, వేగానికి దిశ ఉంటుంది. ఇక్కడా అదే పద్ధతి పాటిస్తున్నాం. వేగం సంగతి తర్వాత ఒక చోట విడిగా వస్తుంది.

సూత్రం

సరాసరి వడి = మొత్తం దూరం ÷ మొత్తం కాలం

సూత్రం ఇంతే. దీన్ని కంఠస్థం చేయని విద్యార్థి ఉండడు, అయినా లెక్క తప్పుతుంది. కారణం, రెండు చోట్లా ఉన్న 'మొత్తం' అనే మాటను దాటేయడం. మొత్తం దూరం అంటే బండి నిజంగా తిరిగిన ప్రతి మీటరూ: వెనక్కి వచ్చిన దారి, చుట్టూ తిరిగిన దారి, దారి తప్పి పోయిన దారి అన్నీ కలిపి. మొత్తం కాలం అంటే బయలుదేరిన క్షణం నుంచి చేరిన క్షణం దాకా: టీకి ఆగిన పది నిమిషాలు, రైల్వే గేటు దగ్గర నిలబడ్డ ఏడు నిమిషాలు కూడా కలిపి. ఆగి ఉన్నంతసేపు దూరం పెరగదు, గడియారం మాత్రం ఆగదు.

లెక్క ఏదైనా వరస ఒకటే:

1. ప్రయాణాన్ని ముక్కలుగా విడగొట్టండి. వడి మారిన ప్రతి చోటా ఒక కొత్త ముక్క. ఆగిన సమయం కూడా ఒక ముక్కే, దాని దూరం సున్నా.
2. ప్రతి ముక్కకూ దూరం, కాలం రెండూ రాసుకోండి. ఏది ఇవ్వలేదో దాన్ని కనుక్కోండి: దూరం = వడి × కాలం, కాలం = దూరం ÷ వడి.
3. అన్నిటినీ ఒకే యూనిట్లలోకి మార్చండి.
4. దూరాలన్నీ కూడండి, కాలాలన్నీ కూడండి. వడులను మాత్రం కూడకండి.
5. భాగించండి. జవాబు అన్ని ముక్కల వడుల్లో కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్యలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే.

ఐదో మెట్టుకు పది సెకన్లు చాలు. పరీక్షలో దాన్ని వదిలేసి మార్కులు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

గంటలు, నిమిషాలు: 8:30 అంటే 8.30 కాదు

సికింద్రాబాద్, విశాఖపట్నం మధ్య వందేభారత్ రైలు 2023 జనవరి 15న మొదలైంది. దూరం 699 కి.మీ. మొదలైనప్పటి టైమ్‌టేబుల్ ప్రకారం విశాఖలో ఉదయం 5:45కు బయలుదేరి సికింద్రాబాద్‌కు మధ్యాహ్నం 2:15కు చేరాలి. సరాసరి వడి ఎంత?

ముందు కాలం. మధ్యాహ్నం 2:15ను 14:15గా రాసుకోవాలి. 14:15 లోంచి 5:45 తీసేస్తే 8 గంటల 30 నిమిషాలు. తీసివేసేటప్పుడు 15లోంచి 45 పోదు కాబట్టి ఒక గంట అప్పు తెస్తాం. ఆ గంట విలువ 60 నిమిషాలు, 100 కాదు. చేతికి అలవాటైన మామూలు తీసివేత చేసి 8:70 రాసేవాళ్లుంటారు. నిమిషాల స్థానంలో 60 దాటిన అంకె కనిపించిందంటే అప్పు తప్పుగా తెచ్చారన్నమాట.

ఇప్పుడు భాగహారం. కాలిక్యులేటర్‌లో 699 ÷ 8.30 కొడితే 84.2 వస్తుంది. చూడ్డానికి జవాబులాగే ఉంది కాబట్టి అనుమానం రాదు. కానీ అది తప్పు. 30 నిమిషాలంటే అర గంట, అంటే 8.5 గంటలు. 699 ÷ 8.5 = గంటకు 82.2 కి.మీ. దశాంశంలోకి మార్చాలంటే నిమిషాలను 60తో భాగించాలి: 15 నిమిషాలు 0.25 గంట, 45 నిమిషాలు 0.75, 12 నిమిషాలు 0.2. ఇరవై నిమిషాల దగ్గర 0.333 అని తెగకుండా సాగుతుంది. అలాంటప్పుడు 1/3 అనే భిన్నాన్నే చివరిదాకా ఉంచుకోండి, లేదా మొత్తం కాలాన్ని నిమిషాల్లోనే పెట్టుకుని చివర్లో 60తో గుణించండి. మధ్యలో 0.3 అని కుదించేస్తే జవాబు కొన్నిసార్లు పక్క ఆప్షన్‌కు జారిపోతుంది.

ఈ రైలు గంటకు 130 కి.మీ. దాకా పరిగెత్తేలా నడుస్తుందని చదివినవాళ్లకు 82 తక్కువగా అనిపించవచ్చు. 130 అనేది ఏదో ఒక క్షణంలో ఉండగల వడి, దాన్ని తక్షణ వడి అంటారు. స్టేషన్లలో ఆగడం, ఆగేముందు నెమ్మదించడం, మళ్లీ అందుకోవడం, మలుపుల దగ్గర తగ్గడం అన్నీ ఆ 8 గంటల 30 నిమిషాల్లోనే ఉన్నాయి. స్పీడోమీటర్ ముల్లు చూపేది తక్షణ వడి, టైమ్‌టేబుల్ చెప్పేది సరాసరి వడి.

రెండో యూనిట్ మార్పిడి సెకనుకు మీటర్లది. గంటకు 1 కి.మీ. అంటే 3600 సెకన్లలో 1000 మీటర్లు, అంటే సెకనుకు 5/18 మీటర్లు. కాబట్టి గం.కు కి.మీ.ల నుంచి సె.కు మీ.లకు రావాలంటే 5/18తో గుణించాలి, అటు వెళ్లాలంటే 18/5తో, అంటే 3.6తో. ఏది ఎటు అన్నది మర్చిపోతే ఒక్కటి గుర్తుంచుకోండి: అదే వడికి సెకనుకు మీటర్ల అంకె ఎప్పుడూ చిన్నది. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లను 9.58 సెకన్లలో పరిగెత్తాడు. 100 ÷ 9.58 = సెకనుకు 10.44 మీటర్లు, 3.6తో గుణిస్తే గంటకు 37.6 కి.మీ. సున్నా నుంచి మొదలై అందుకున్న పరుగు కాబట్టి, మధ్యలో అతని వడి ఇంతకంటే ఎక్కువే ఉండాలి. నిజానికి గంటకు 44 కి.మీ. దాటింది.

ముక్కలు ముక్కలుగా సాగే ప్రయాణం

హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సు తీసుకుందాం. దూరం సుమారు 275 కి.మీ. ముక్కలను లెక్కకు వీలుగా ఇలా అనుకుందాం:

ఊరు దాటేదాకా: 25 కి.మీ., 60 నిమిషాలు
అక్కడి నుంచి సూర్యాపేట దాకా: 115 కి.మీ., 105 నిమిషాలు
సూర్యాపేటలో టిఫిన్‌కు ఆగింది: 0 కి.మీ., 20 నిమిషాలు
విజయవాడ పొలిమేర దాకా: 125 కి.మీ., 115 నిమిషాలు
ఊళ్లోకి వచ్చి బస్టాండు దాకా: 10 కి.మీ., 30 నిమిషాలు

దూరాలు కూడితే 275 కి.మీ., కాలాలు కూడితే 330 నిమిషాలు, అంటే 5.5 గంటలు. 275 ÷ 5.5 = గంటకు 50 కి.మీ.

ఇప్పుడు తప్పు పద్ధతిలోనూ చేసి చూద్దాం. నడిచిన నాలుగు ముక్కల వడులు వరసగా 25, 65.7, 65.2, 20. వీటిని కూడి నాలుగుతో భాగిస్తే దాదాపు 44. అసలు జవాబు కంటే తక్కువ! 'వడులను సరాసరి చేస్తే ఎప్పుడూ ఎక్కువ వస్తుంది' అని కొందరు షార్ట్‌కట్‌గా చెబుతుంటారు, అది అన్ని చోట్లా నిజం కాదు. ఇక్కడ పది కిలోమీటర్ల ట్రాఫిక్ ముక్కకూ 125 కిలోమీటర్ల హైవే ముక్కకూ ఒకే తూకం వేసేశాం, అందుకే కిందికి జారింది. ఒక్కో వడికి తూకం, ఆ వడితో ఎంతసేపు ప్రయాణించామన్నదే. ఆగిన 20 నిమిషాలను కూడా సున్నా వడి ముక్కగా కలుపుకుని ఆ తూకంతో చేస్తే వడుల సరాసరి కూడా కచ్చితంగా 50 దగ్గరే వచ్చి నిలుస్తుంది. ఎందుకంటే వడిని కాలంతో గుణించడమంటే మళ్లీ దూరాన్ని రాయడమే.

ఆగిన 20 నిమిషాలు తీసేస్తే కాలం 310 నిమిషాలు, వడి గంటకు 53.2 కి.మీ. సైక్లింగ్, రన్నింగ్ యాప్‌లు చాలావరకు ఆగిన సమయాన్ని వదిలేసి ఈ రెండో అంకెనే చూపిస్తాయి. అది తప్పు కాదు, వేరే ప్రశ్నకు జవాబు. పరీక్షలో 'మొత్తం ప్రయాణానికి' అని ఉంటే ఆగిన సమయం కలపాలి. ఆగిన సమయాన్ని మినహాయించమని స్పష్టంగా చెబితేనే తీసేయాలి.

సమాన దూరాలు, సమాన కాలాలు

మొదట అడిగిన స్కూటర్ లెక్కకు వద్దాం. పట్నం 24 కి.మీ. దూరంలో ఉందనుకోండి. గంటకు 40 చొప్పున వెళ్లడానికి 36 నిమిషాలు. 60 చొప్పున రావడానికి 24 నిమిషాలు. మొత్తం 48 కి.మీ., సరిగ్గా ఒక గంట. సరాసరి 48.

నెమ్మదిగా పోయిన వడి 36 నిమిషాలు నడిచింది, వేగంగా వచ్చింది 24 నిమిషాలే. తూకం 3:2. (40 × 3 + 60 × 2) ÷ 5 = 48. దూరం సమానమైతే తక్కువ వడి ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి సరాసరి దాని వైపే మొగ్గుతుంది. అదే స్కూటర్ ఒక గంట 40తోనూ ఇంకో గంట 60తోనూ నడిచి ఉంటే 2 గంటల్లో 100 కి.మీ., సరాసరి 50. అప్పుడు మామూలు సగటే సరైనది.

కాబట్టి ప్రశ్న చదవగానే 'సగం దూరం' అన్నాడా, 'సగం సమయం' అన్నాడా చూడాలి. సగం దూరమైతే రెండు వడుల లబ్ధాన్ని రెట్టింపు చేసి వాటి మొత్తంతో భాగించాలి: 2 × 40 × 60 ÷ (40 + 60) = 48. గణితంలో దీన్ని హరాత్మక సగటు అంటారు. మూడు సమాన దూరాలైతే ఒక్కో వడికీ విలోమం తీసుకుని కూడి, ఆ మొత్తంతో 3ను భాగించాలి. వడులు 20, 30, 60 అయితే 1/20 + 1/30 + 1/60 = 6/60, అంటే 1/10. కాబట్టి 3 ÷ (1/10) = 30. మామూలు సగటు వేస్తే 36.7 వచ్చేది.

ఇక్కడ దూరం ఎంతో ఇవ్వకపోయినా జవాబు రావడం చూసి చాలామంది 'డేటా చాలదు' అని ఆగిపోతారు. దూరం పైనా కిందా కొట్టుకుపోతుంది కాబట్టి అక్కర్లేదు. ఇబ్బందిగా ఉంటే వడుల క.సా.గు.ను దూరంగా పెట్టుకోండి. 40కీ 60కీ 120 కి.మీ. పెడితే వెళ్లడానికి 3 గంటలు, రావడానికి 2 గంటలు, 240 ÷ 5 = 48. భిన్నాల బెడద లేదు.

మామూలు సగటుకూ దీనికీ తేడా ఎంత అన్నదానికి ఒక చక్కని లెక్క ఉంది: రెండు వడుల తేడా వర్గాన్ని, వాటి మొత్తానికి రెట్టింపుతో భాగించాలి. 40, 60 అయితే 400 ÷ 200 = 2. అవే ఆ పోయిన రెండు కిలోమీటర్లు. 55, 65 అయితే తేడా 0.42 మాత్రమే. 20, 80 అయితే తేడా ఏకంగా 18, అంటే సరాసరి 32. వడులు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు తప్పు పద్ధతి కూడా దాదాపు సరైన జవాబే ఇస్తుంది. ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడకుండా సాగడానికి ఒక కారణం అదే.

పరుగెత్తేవాళ్లు వడిని గంటకు ఇన్ని కిలోమీటర్లని కాకుండా కిలోమీటరుకు ఇన్ని నిమిషాలని చెప్పుకుంటారు. అందులో ఒక వెసులుబాటు ఉంది. మొదటి కిలోమీటరు 5 నిమిషాల్లో, రెండోది 7 నిమిషాల్లో పరిగెత్తితే సరాసరి కిలోమీటరుకు 6 నిమిషాలు, అంటే గంటకు 10 కి.మీ. ఇక్కడ మామూలు సగటు చెల్లింది, ఎందుకంటే కూడుతున్నది కాలాన్నే. అదే విషయాన్ని గంటకు 12, గంటకు 8.57 అని రాసుకుని సగం చేస్తే 10.29 వచ్చి తప్పుతుంది.

రెండూ కలిపి అడిగే లెక్క ఇంటర్ స్థాయిలో తరచూ కనిపిస్తుంది: సగం దూరం గంటకు 40తో పోయింది; మిగతా దూరానికి పట్టిన కాలంలో సగం 50తో, సగం 70తో పోయింది. లోపలి ముక్కను ముందు తేల్చాలి. అక్కడ కాలాలు సమానం, కాబట్టి (50 + 70) ÷ 2 = 60. ఇప్పుడు బయట సగం దూరం 40, సగం దూరం 60. జవాబు మళ్లీ 48.

ఐన్‌స్టీన్‌నూ ఆలోచనలో పడేసిన లెక్క

1934లో మనస్తత్వవేత్త మాక్స్ వెర్త్‌హైమర్ ఐన్‌స్టీన్‌కు ఒక లెక్క రాసి పంపాడు. పాత కారు ఒక కొండ ఎక్కి దిగాలి, ఎక్కడానికి ఒక మైలు, దిగడానికి ఒక మైలు. ఎక్కేటప్పుడు గంటకు 15 మైళ్లకు మించి పోలేదు. మొత్తం మీద సరాసరి గంటకు 30 మైళ్లు రావాలంటే దిగేటప్పుడు ఎంత వడితో రావాలి? అందరి నోటా వచ్చే జవాబు 45. లెక్క కట్టేదాకా, దిగడానికి అసలు సమయమే మిగలలేదని తనకూ తట్టలేదని ఐన్‌స్టీన్ జవాబు రాశాడు.

రెండు మైళ్లకు గంటకు 30 చొప్పున 4 నిమిషాలే పడుతుంది. ఎక్కడానికే 15 చొప్పున 4 నిమిషాలు అయిపోయాయి. ఇక దిగడానికి సున్నా నిమిషాలు. అది ఏ బండికీ సాధ్యం కాదు.

మన కిలోమీటర్లలో చూస్తే ఇది ఎంత త్వరగా చేయి దాటిపోతుందో తెలుస్తుంది. ప్రయాణం 60 కి.మీ., మొదటి 30 కి.మీ. గంటకు 30తో వెళ్లారు, ఒక గంట అయింది. మొత్తం సరాసరి 40 కావాలంటే 90 నిమిషాల్లో చేరాలి, మిగిలింది 30 నిమిషాలు, వడి 60. సరాసరి 45 కావాలంటే మొత్తం 80 నిమిషాలు, మిగిలింది 20, వడి 90. సరాసరి 50కి మొత్తం 72 నిమిషాలు, మిగిలింది 12, వడి 150. సరాసరి 60కి మిగిలింది ఏమీ లేదు. సగం దూరంలో ఉన్న వడికి రెట్టింపు సరాసరిని మిగతా సగంలో ఎంత తొక్కినా అందుకోలేం. ఆలస్యంగా బయలుదేరి హైవే మీద 'కవర్ చేసేద్దాం' అనుకునే డ్రైవర్లకు ఈ నాలుగు అంకెలు చాలు.

ఇలాంటి లెక్కలకు వరస తిరగబడుతుంది: కావలసిన సరాసరితో మొత్తం కాలం కనుక్కోండి, అయిపోయిన కాలం తీసేయండి, మిగిలిన దూరాన్ని మిగిలిన కాలంతో భాగించండి. వడుల మీద నేరుగా చేయి పెట్టకండి.

తిరుమల ఘాట్‌లో చీటీ

సరాసరి వడితో అతివేగాన్ని పట్టుకోవడం మన దగ్గరే ఉంది. తిరుమల ఘాట్ రోడ్లలో వాహనాలకు కనీస సమయం పెట్టారు: కొండ ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు అన్నది చాలాకాలంగా వినిపించే నిబంధన. బయలుదేరే చోట సమయం నమోదవుతుంది, అవతలి చివర సరిచూస్తారు. దిగే దారి దాదాపు 19 కి.మీ. 19 కి.మీ.ను 40 నిమిషాల్లో దిగితే సరాసరి గంటకు 28.5 కి.మీ. ఎవరైనా 25 నిమిషాల్లో దిగారంటే 45.6. మధ్యలో కెమెరా ఒక్కటీ లేకపోయినా, దారిలో కనీసం ఒక్క క్షణమైనా ఆ బండి 45.6 వడితో నడిచిందని తేలిపోయినట్టే. ఇంటర్ మ్యాథ్స్‌లో వచ్చే లగ్రాంజ్ సిద్ధాంతం చెప్పేది ఇదే.

తిరగేసి చెబితే మాత్రం చెల్లదు. 40 నిమిషాలకు చేరిన బండి ఎక్కడా వేగంగా పోలేదని కాదు. మలుపుల్లో దూసుకొచ్చి చివర్లో పక్కన ఆపి కాలక్షేపం చేసినా సరాసరి 28.5 దగ్గరే ఉంటుంది. సరాసరి వడి ప్రయాణం లోపల ఏం జరిగిందో దాచేస్తుంది.

సరాసరి వడి వేరు, సరాసరి వేగం వేరు

సరాసరి వేగానికి పైన దూరం బదులు స్థానభ్రంశం రాయాలి. అంటే మొదలైన చోటు నుంచి ముగిసిన చోటుకు తిన్నగా గీసిన గీత, దాని దిశతో సహా. 400 మీటర్ల ట్రాక్ మీద 10 నిమిషాల్లో 5 చుట్లు తిరిగి మొదలైన చోటే ఆగితే: దూరం 2000 మీ., కాలం 600 సె., సరాసరి వడి సెకనుకు 3.33 మీ. స్థానభ్రంశం సున్నా, సరాసరి వేగం సున్నా. అంత చెమటోడ్చి సున్నా ఏమిటని అనిపించినా తప్పేం లేదు. సూర్యుడి చుట్టూ సెకనుకు సుమారు 29.8 కి.మీ. సరాసరి వడితో తిరిగే భూమికి కూడా, సూర్యుడి వైపు నుంచి చూస్తే, ఏడాది మొత్తానికి సరాసరి వేగం దాదాపు సున్నాయే.

పరీక్షల్లో ఎక్కువగా వచ్చేది అర్ధవృత్తం. వ్యాసార్థం 7 మీ. ఉన్న అర్ధవృత్తం మీద 11 సెకన్లలో ఒక చివర నుంచి ఇంకో చివరకు వెళ్తే దూరం 22/7 × 7 = 22 మీ., వడి సెకనుకు 2 మీ. స్థానభ్రంశం వ్యాసమే, 14 మీ. వేగం 14 ÷ 11 = సెకనుకు 1.27 మీ. సరాసరి వేగం పరిమాణం సరాసరి వడిని ఎప్పుడూ మించదు. మించినట్టు వచ్చిందంటే రెండూ తారుమారయ్యాయి. దిశ మారకుండా సరళరేఖలో పోయినప్పుడే రెండూ సమానం.

గ్రాఫు మీద

దూరం-కాలం గ్రాఫులో కావలసిన రెండు బిందువులను స్కేలుతో కలపండి. ఆ గీత వాలే సరాసరి వడి. మధ్యలో వక్రం ఎన్ని వంపులు తిరిగినా పట్టించుకోనక్కర్లేదు. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, గ్రాఫు సున్నా దగ్గర మొదలుకాకపోవడం: 0 సెకన్ల దగ్గర 20 మీ., 10 సెకన్ల దగ్గర 70 మీ. ఉంటే 70 ÷ 10 కాదు, 50 ÷ 10, అంటే సెకనుకు 5 మీ. రెండోది, గ్రాఫు కిందికి దిగడం. తిరిగిన దూరం ఎప్పుడూ తగ్గదు కాబట్టి, గీత దిగిందంటే అది స్థానం-కాలం గ్రాఫు. 0 నుంచి 30 మీ.కు ఎక్కి 10 మీ.కు దిగితే దూరం 30 + 20 = 50 మీ., స్థానభ్రంశం 10 మీ. మాత్రమే.

వడి-కాలం గ్రాఫులో గీత కింది వైశాల్యమే దూరం. ఒక మెట్రో రైలు స్టేషన్‌లో కదిలి 20 సెకన్లలో సెకనుకు 20 మీ. వడి అందుకుంది, 40 సెకన్లు అదే వడితో సాగింది, ఇంకో 20 సెకన్లలో బ్రేకు వేసి ఆగింది. గ్రాఫు ట్రెపీజియం. రెండు త్రిభుజాలు చెరో 200 మీ., మధ్య దీర్ఘచతురస్రం 800 మీ., మొత్తం 1200 మీ. కాలం 80 సె. సరాసరి సెకనుకు 15 మీ., గంటకు 54 కి.మీ. గరిష్ఠ వడి గంటకు 72. స్టేషన్‌లో 25 సెకన్లు ఆగడం కూడా కలిపితే 1200 ÷ 105, అంటే గంటకు 41 కి.మీ. చిల్లర. స్టేషన్లు దగ్గరదగ్గరగా ఉన్న లైనులో రైలు గరిష్ఠ వడి పెంచినా పెద్దగా కలిసిరాకపోవడానికి కారణం ఇక్కడే కనిపిస్తుంది.

ఇదే లెక్కలో 'తొలి వడి, తుది వడి కూడి సగం చేయి' అనే సూత్రం వాడితే తొలి సున్నా, తుది సున్నా కాబట్టి జవాబు సున్నా! ఆ సూత్రం త్వరణం, అంటే వడి మారే రేటు, ఒకేలా ఉన్న ముక్కకే పనిచేస్తుంది. మొదటి 20 సెకన్లకు (0 + 20) ÷ 2 = 10 సరైనదే. మొత్తానికి కాదు.

ఇంట్లో కొలిచి చూడటం

రెండు మీటర్ల పీవీసీ పైపును నిలువుగా కోయించి కాలువలా చేసుకోండి. ఒక చివర కింద 10 సెం.మీ. ఎత్తు పుస్తకాలు పెట్టండి. పైన గోళీని వేలితో ఆపి, తోయకుండా వదలండి. కింది చివరకు చేరడానికి మూడున్నర సెకన్ల దరిదాపుల్లో పడుతుంది. సరాసరి వడి సెకనుకు 0.57 మీ. చుట్టుపక్కల వస్తుంది.

ఎత్తు తక్కువ పెట్టడానికి కారణం ఉంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కే వేలు అటూ ఇటూ 0.2 సెకన్లు తేడా చేస్తుంది. మూడున్నర సెకన్లలో అది 6 శాతం లోపే. 40 సెం.మీ. ఎత్తు పెడితే గోళీ సుమారు 1.7 సెకన్లలోనే దిగిపోతుంది, అదే వేలి పొరపాటు 12 శాతం అవుతుంది. స్క్రీన్ మీద నూరో వంతు సెకను కనిపిస్తుంది కదా అని 3.47 అని నమ్మేయకండి. ఐదుసార్లు కొలిచి కాలాల సగటు తీసుకుని, దానితో దూరాన్ని భాగించండి.

తర్వాత పైనుంచి 50 సెం.మీ. దగ్గర ఒక గుర్తు పెట్టి, అక్కడిదాకా పట్టే కాలం కొలవండి. నాలుగో వంతు దూరానికి దాదాపు సగం కాలం పడుతుంది. మొత్తం 3.4 సెకన్లైతే ఇది 1.7. అంటే మొదటి అర మీటరులో సరాసరి 0.29, మిగతా ఒకటిన్నర మీటర్లలో 0.88. కాలాలు సమానం కాబట్టి ఈ రెంటినీ కూడి సగం చేస్తే మొత్తం సరాసరి 0.59 దగ్గరే వస్తుంది. కిందికి చేరే క్షణంలో గోళీ వడి మాత్రం దానికి రెట్టింపు.

బండి మీద కొలిచేటప్పుడు ఓడోమీటర్ రీడింగ్ తేడా తీసుకోండి. మీటరు పూర్తి కిలోమీటర్లే చూపిస్తే 5 కి.మీ. ప్రయాణంలో దాదాపు ఒక కిలోమీటరు తేడా రావచ్చు, అంటే 20 శాతం. నూరు మీటర్ల అంకె చూపే ట్రిప్ మీటర్ వాడండి, లేదా 30 కి.మీ.కు తక్కువ కాకుండా వెళ్లండి. స్పీడోమీటర్ సాధారణంగా అసలు వడి కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది, దాన్ని చూసి సరాసరి అంచనా వేయకండి. ఫోన్ జీపీఎస్ ఒకచోట నిలబడ్డా స్థానాన్ని అటూ ఇటూ జరుపుతూ లేని దూరం కలుపుతుంది, మలుపుల్లో మూలలు కోసి ఉన్న దూరం తగ్గిస్తుంది. తిన్నని రోడ్డు మీద బాగా పనిచేస్తుంది, సందుల్లో అంతగా కాదు.

చేసి చూడండి

ఒకటి. 150 మీ. పొడవున్న రైలు 450 మీ. వంతెనను పూర్తిగా దాటడానికి 30 సెకన్లు పట్టింది. వడి? దూరం 450 కాదు. ఇంజిన్ వంతెన ఎక్కినప్పటి నుంచి చివరి బోగీ దిగేదాకా 600 మీ. సెకనుకు 20 మీ., గంటకు 72 కి.మీ.

రెండు. ఒకరు బడికి గంటకు 4 కి.మీ. చొప్పున నడిచి వెళ్లి, గంటకు 12 కి.మీ. చొప్పున సైకిల్ మీద తిరిగి వచ్చారు. సరాసరి? 12 కి.మీ. దూరం పెట్టుకుంటే 3 గంటలు, 1 గంట; 24 ÷ 4 = గంటకు 6 కి.మీ. ఇక్కడ 8 రాసినవాళ్లు సమాన దూరాలను సమాన కాలాలుగా చదివారు.

మూడు. ఆటో 9:50కి బయలుదేరి 10:14కు చేరింది, మధ్యలో 4 నిమిషాలు సిగ్నళ్ల దగ్గర ఆగింది, తిరిగింది 8 కి.మీ. మొత్తం ప్రయాణపు సరాసరి వడి? 24 నిమిషాలు అంటే 0.4 గంట, 8 ÷ 0.4 = గంటకు 20 కి.మీ. నాలుగు నిమిషాలు తీసేసి 24 రాస్తే అది నడిచిన సమయానికే జవాబు.

నాలుగు. 90 కి.మీ. ప్రయాణంలో మొదటి 60 కి.మీ. గంటకు 40తో వెళ్లారు. మొత్తం సరాసరి 45 కావాలంటే మిగతా 30 కి.మీ. ఎంత వడితో వెళ్లాలి? మొత్తం కాలం 2 గంటలు, అయిపోయింది ఒకటిన్నర, మిగిలింది అర గంట. గంటకు 60 కి.మీ. ఇదే ప్రయాణంలో సరాసరి 60 కావాలంటే మొత్తం కాలమే ఒకటిన్నర గంట, అది ముందే అయిపోయింది.